జంకును గౌరవించే చికిత్స

కోనసీమలోని రాజోలు పరిసరాల్లో జ్వరమొస్తే ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరికీ, పొలం గట్టు తగాదా వస్తే పెద్దమనుషుల దగ్గరికీ వెళ్లడానికి ఎవరూ సంకోచించరు గాని, నిద్రపట్టనివ్వని దిగులుకో, మానలేని తాగుడుకో, ఇల్లాలు గల్ఫ్‌కు వెళ్లిన ఇంట్లో పేరుకుపోయిన బెంగకో కౌన్సెలర్‌ను, అంటే మానసిక సలహాదారును, కలవమంటే మాత్రం పిచ్చి అన్న ముద్ర పడుతుందనీ, పిల్లల సంబంధాలు చెడిపోతాయనీ జంకుతారు. ఈ జంకు మొండితనం కాదని, చికిత్స దాన్ని గౌరవించడంతోనే మొదలవ్వాలని చాటినవారిలో అమెరికా మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ (1902–1987) అగ్రగణ్యుడు.

మొదట వ్యవసాయశాస్త్రం, ఆపై క్రైస్తవ మతశాస్త్రం చదివి, ఆ తర్వాతే మనస్తత్వశాస్త్రానికి మళ్లిన రోజర్స్, రోచెస్టర్ నగరంలో పన్నెండేళ్లపాటు చిక్కుల్లో పడిన పిల్లల మధ్య పనిచేశాడు. అక్కడ ఒక దుడుకు కుర్రవాడి తల్లికి, చిన్ననాడు బిడ్డను ఆదరించకపోవడమే ఆ దుడుకుతనానికి మూలమని నచ్చజెప్పాలని ఆయన ఎంత ప్రయత్నించినా ఫలితం లేకపోయింది. ఇక తమవల్ల కాదని ఇద్దరూ ఒప్పుకున్నాక, గుమ్మం దాకా వెళ్లిన ఆమె వెనుదిరిగి, పెద్దవాళ్లకు కూడా ఇక్కడ సలహా చెబుతారా అని అడిగి, తన కాపురంలోని కష్టాలన్నీ చెప్పుకుంది. నొప్పి ఎక్కడుందో వచ్చిన మనిషికే తెలుసునన్న గ్రహింపు ఆయనకు అక్కడ కలిగింది. తీర్పు చెప్పకుండా, తొందరపెట్టకుండా, ఎదుటివారి మాటను వారి వైపునుంచి వినే ఈ పద్ధతికే వ్యక్తికేంద్రిత చికిత్స అని పేరు.

దీని ఆధారంగానే మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1983లో, తాగుడు సమస్యతో వచ్చేవారి కోసం, మారవలసిన కారణాలను వారి నోటే పలికించే ప్రేరణాత్మక సంభాషణను ప్రతిపాదించాడు. రాజోలులో ఒకాయన "మా ఆవిడ పోరు పడలేక వచ్చానండీ" అన్నాడనుకుంటే, ఈ పద్ధతి నేర్చిన కౌన్సెలర్ తాగుడు వల్ల కలిగే అనర్థాలను ఏకరువు పెట్టడు, "ఇష్టం లేకపోయినా వచ్చారు కదండీ, మానాలన్న కోరిక పదిలో ఎంతుందంటారు?" అని అడుగుతాడు. మూడు అని జవాబొస్తే, పది ఎందుకు కాలేదని నిలదీయకుండా, సున్నా అనకుండా మూడని ఎందుకన్నారని అడుగుతాడు, అప్పుడు ఆ మనిషి తన మేలు గురించి తానే చెప్పుకోవడం మొదలవుతుంది. ఉపదేశానికి అలవాటుపడిన మన సమాజంలో ఇంతటి ఓర్పు అలవడడం కష్టమే అయినా, అదే అసలైన నైపుణ్యం.

నలుగురికీ తెలుస్తుందన్న భయానికి చట్టంలోనూ సమాధానముంది: ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాల్లో తప్ప చికిత్స వివరాలు బయటపెట్టకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలీమానస్ అనే మానసిక సహాయ ఫోన్ సేవకు, 14416 నంబరులో, రాత్రనక పగలనక తెలుగులోనే ఉచితంగా ఫోన్ చేయవచ్చు. జంకుతున్నవారిని ఆసుపత్రికి లాక్కెళ్లే ముందు, ఇంటివారు ఈ నంబరును వారి చేతికివ్వాలి.