భాగస్వామి చికిత్స

సుఖవ్యాధి సోకినవారితో పాటు, వారితో లైంగిక సంబంధం ఉన్నవారికీ అదే సమయంలో వైద్యం చేయడమే భాగస్వామి చికిత్స. ఒక్కరికే నయం చేస్తే రెండోవారి నుంచి జబ్బు మళ్లీ అంటుకుంటుంది. గనేరియా, క్లమీడియా చాలామంది స్త్రీలలో ఏ లక్షణమూ చూపవు. లోలోపల అండవాహికలను దెబ్బతీసి సంతానలేమికి దారితీయవచ్చు.

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) విధానంలో సురక్ష క్లినిక్‌లు లక్షణాలను బట్టి రంగురంగుల కిట్లు ఉచితంగా ఇస్తాయి. మూత్రమార్గం నుంచి చీము కారితే బూడిద రంగు కిట్: అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్. భాగస్వామికీ అదే. ఇద్దరూ మందులు వేసుకుని వారం గడిచేదాకా కలయిక మానాలి, లేదా కండోమ్ వాడాలి. రోగి చేతికే భాగస్వామి మందులూ ఇచ్చి పంపే పద్ధతికి అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2006లో మద్దతిచ్చింది.

హైదరాబాద్‌లోని ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల్లో ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) కార్డున్నవారికి నాచారంలోనే ఆసుపత్రి ఉంది. కార్డు లేని కూలీలకు 2018లో నగరంలో మొదలైన బస్తీ దవాఖానాలు తొలి మెట్టు. పూట పనిమానితే కూలి పోతుంది. భార్య సొంతూళ్లో ఉంటే ఇద్దరికీ ఒకేసారి మందు అందదు. అందుకే మెడికల్ షాపులో రెండు మాత్రలు కొని సరిపెట్టుకుంటారు. అరకొర మోతాదుతో క్రిములు మందుకు లొంగకుండా పోతాయి. అన్నిటికన్నా కష్టం, విషయం ఇంట్లో చెప్పడం. నింద, దెబ్బలు ఎక్కువగా స్త్రీకే. జబ్బు ఎవరి నుంచి వచ్చిందో తేలకపోయినా చికిత్స ఆగనక్కర్లేదు. రోగి పేరు బయటపెట్టకుండానే కౌన్సెలర్ భాగస్వామిని పిలిపించవచ్చు.