బిడ్డ తూకము: తల్లిదండ్రులు తెలిసికొనదగిన విషయములు

బిడ్డ పుట్టిన ఇంట మొదట వినబడు ప్రశ్న "ఆడపిల్లయా, మగపిల్లవాడా?" అనునది. రెండవది "తూకమెంత?" అనునది. ఈ రెండవ ప్రశ్న అంతటితో ముగియదు. పొరుగింటి బిడ్డ బొద్దుగా నుండి తన బిడ్డ సన్నగా కనబడినచో తల్లి మనస్సు కలతపడును. "నీ పాలు చాలుట లేదేమో" అని ఇంటి పెద్దలలో ఎవరో ఒకరందురు. మరునాడే డబ్బాపాలు ఇంటికి వచ్చును. ఈ భయమునకు కారణమున్నదో లేదో తెలిసికొను మార్గమొకటి కలదు. అది సులభమైనది, ఖర్చు లేనిది. దానిని వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

రాయపూర్‌లో తూకముల పండుగ

రాయపూర్ రాజధానిగా గల ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున 2012వ సంవత్సరము మొదలుకొని పలుమార్లు "వజన్ త్యోహార్" జరుపబడినది. వజన్ అనగా తూకము. త్యోహార్ అనగా పండుగ. అంగన్‌వాడీ కేంద్రములలో అయిదేండ్ల లోపు పిల్లలను తూచి, వారి స్థితిని తల్లిదండ్రులకు తెలుపుట దీని ఉద్దేశము. ఇట్టి పండుగ అవసరమే. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఈ రాష్ట్రమున అయిదేండ్ల లోపు పిల్లలలో నూటికి సుమారు 31 మంది వయస్సుకు తగిన తూకము లేనివారు. సుమారు 35 మంది వయస్సుకు తగిన పొడవు లేనివారు. కావున తల్లి చింతను ఉత్త భయమని కొట్టివేయరాదు. అట్లని సన్నగా నున్న ప్రతి బిడ్డయు రోగి యని తలపరాదు.

ఒక్క తూకము చాలదు

ఇద్దరు మగబిడ్డలను ఉదాహరణగా తీసికొందము. మొదటి బిడ్డ ఆరవ నెలలో 6.7 కిలోగ్రాములు, తొమ్మిదవ నెలలో 7.4, ఏడాదికి 8 కిలోగ్రాములు తూగినాడు. రెండవ బిడ్డ ఆరవ నెలలో 7.9, తొమ్మిదవ నెలలో 9 కిలోగ్రాములు తూగి, ఏడాది నిండునాటికిని ఆ 9 వద్దనే నిలిచినాడు. చూచువారు రెండవ బిడ్డనే మెచ్చుకొందురు. కాని ముందుగా విచారింపవలసినది అతనిని గురించియే. మొదటి బిడ్డ చిన్నవాడైనను తన బాటలో తాను నడచుచున్నాడు. రెండవ బిడ్డ మూడు నెలలుగా ఆగిపోయినాడు. తిండి చాలుట లేదో, విరేచనములో దగ్గో మాటిమాటికి వచ్చుచున్నదో కనుగొనవలెను.

అందుచేతనే మాతాశిశు రక్షణ కార్డులో పెరుగుదల పటము ముద్రింపబడినది. మగపిల్లలకు, ఆడపిల్లలకు వేరువేరు పటములు కలవు. బిడ్డ వయస్సుకు ఎదురుగా తూకమును చుక్కగా గుర్తించి, చుక్కలను గీతతో కలుపుదురు. గీత పైకి సాగుచున్న బిడ్డ పెరుగుచున్నాడు. గీత అడ్డముగా పోయినచో అది హెచ్చరిక. క్రిందికి దిగినచో అపాయము.

ఈ పటములకు ఆధారమైన ప్రమాణములను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించినది. బ్రెజిల్, ఘనా, భారతదేశము, నార్వే, ఒమాన్, అమెరికా దేశములలో తల్లిపాలు త్రాగి, మంచి వసతులలో పెరిగిన పిల్లలను తూచి, కొలిచి వీనిని తయారు చేసిరి. మన దేశమున ఈ పరిశీలన ఢిల్లీ నగరమున జరిగినది. సరియైన పోషణ యున్నచో ఏ దేశపు బిడ్డయైనను చిన్నతనమున ఇంచుమించు ఒకే తీరున పెరుగునని దీనివలన తేలినది. "మన పిల్లలింతే" అని సరిపెట్టుకొనుటకు వీలులేదు.

సామాన్యముగా బిడ్డ ఎట్లు పెరుగును?

పుట్టినప్పుడు 2.5 కిలోగ్రాములకు తక్కువగా నున్న బిడ్డకు ప్రత్యేక శ్రద్ధ అవసరము. పుట్టిన మొదటి దినములలో బిడ్డ కొంత తూకము తగ్గుట సహజము. రెండు వారములలో ఆ తూకము మరల రావలెను. తరువాత మూడు నెలలపాటు దినమునకు సుమారు 25 నుండి 30 గ్రాములు పెరుగును. అయిదవ నెల ప్రాంతమున పుట్టినప్పటి తూకమునకు రెట్టింపు, ఏడాదికి మూడు రెట్లు అగును. ఆపైన పెరుగుదల మందగించుట సహజము; దానికి భయపడనక్కరలేదు. నెలలు నిండకముందే పుట్టిన బిడ్డ వయస్సును, ఎన్ని వారములు ముందు పుట్టెనో అన్ని వారములు తగ్గించి లెక్కింపవలెను.

దినదినము తూచుట వలన ప్రయోజనము లేదు. పాలు త్రాగినను, మూత్రము విడిచినను అంకె మారును. నెలకొకసారి, సాధ్యమైనంతవరకు ఒకే త్రాసుపై, బట్టలు తీసి తూచిన చాలును.

పాలు చాలుచున్నవా?

దినమునకు ఆరుసార్లు గాని అంతకు మించి గాని మూత్రము విడుచుచు, చురుకుగా నుండి, తూకము పెరుగుచున్న బిడ్డకు పాలు చాలుచున్నట్లే. బిడ్డ ఏడ్చినంత మాత్రమున పాలు తక్కువని తలపరాదు. అనవసరముగా డబ్బాపాలు మొదలిడినచో బిడ్డ రొమ్ము కుడుచుట తగ్గును. కుడుచుట తగ్గిన కొలది పాలును తగ్గును. పొదుపు కొరకు ఎక్కువ నీరు కలిపినచో బలముండదు. సీసా శుభ్రముగా లేనిచో విరేచనములు పట్టుకొనును. డబ్బాపాల ప్రచారమును మన దేశమున 1992 నాటి చట్టము నిషేధించుచున్నది.

మే నెలలో రాయపూర్ ఎండలు చూచి "పసివానికి గ్రుక్కెడు నీరైనను పట్టవద్దా?" అని అవ్వలు అడుగుదురు. ఆరు నెలలు నిండువరకు వద్దు. తల్లిపాలలో అధికభాగము నీరే. ఎండవేళ మాటిమాటికి పాలిచ్చిన బిడ్డ దాహము తీరును. నీరు త్రాగవలసినది తల్లి.

అన్నప్రాశన తరువాత

పెక్కుమంది పిల్లల గీత వంగునది ఆరు నెలల తరువాతనే. అన్నప్రాశన వేడుకగా చేసి, మరునాటి నుండి పలుచని గంజితోనో, పప్పుకట్టుతోనో సరిపెట్టుదురు. బిడ్డ పొట్ట చిన్నది. అది నీటితో నిండిన బలమెక్కడిది? గరిటె నుండి జారిపోని గట్టితనముతో, అన్నమును పప్పును మెత్తగా మెదిపి, ఒక చెంచా నెయ్యి గాని నూనె గాని కలిపి పెట్టవలెను. ఆకుకూర, అరటిపండు, గ్రుడ్డు క్రమముగా చేర్చవలెను. మొదట దినమునకు రెండు మూడు సార్లు, తొమ్మిదవ నెల నుండి మూడు నాలుగు సార్లు పెట్టి, తల్లిపాలను రెండేండ్ల వరకు కొనసాగింపవలెను. జబ్బు చేసినప్పుడు లంఘనము పెట్టరాదు. కోలుకొన్న పిదప రెండు వారములు ఒక పూట అదనముగా పెట్టినచో పోయిన తూకము తిరిగి వచ్చును.

ఆలస్యము చేయరాని లక్షణములు

బిడ్డ పాలు త్రాగకపోయినను, మగతగా పడియున్నను, మూర్ఛ వచ్చినను, ఊపిరి వేగముగా తీసినను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఆరు నెలలు దాటిన బిడ్డ దండచుట్టు కొలత 11.5 సెంటీమీటర్లకు తక్కువైనచో అది తీవ్రమైన పోషకాహార లోపము. రెండు పాదములకును నీరు పట్టినచో తూకము ఎక్కువగా కనబడును. దానిని చూచి మోసపోరాదు. ఇట్టి పిల్లలకు చికిత్స చేయుటకు పోషకాహార పునరావాస కేంద్రములు కలవు. దారి చూపుటకు ఛత్తీస్‌గఢ్‌లో 2002 నుండి పనిచేయుచున్న "మితానిన్" కార్యకర్తలున్నారు. మితానిన్ అనగా నెచ్చెలి.

కార్డు వెంట నుంచుకొనుడు

1931లో పూర్తియైన రైలుమార్గము విజయనగరమును రాయపూర్‌తో కలిపినది. రాయపూర్‌లో కాపురముండు తెలుగు ఆడపడుచు తొలికాన్పుకు పుట్టినింటికి పోయి, కొన్ని నెలలకు బిడ్డతో తిరిగి వచ్చుట వాడుక. అక్కడి తూకములు అక్కడనే నిలిచిపోయినచో ఇక్కడి చుక్కకు వెనుకటి చుక్క దొరకదు; బిడ్డ పెరుగుచున్నదో ఆగినదో చెప్పుట కష్టమగును. కావున రైలెక్కునప్పుడు ఉయ్యాలబట్టలతోపాటు ఆ కార్డును మరువక తీసికొనవలెను. ఇక్కడి కార్డు హిందీలో నుండవచ్చును, అక్కడిది తెలుగులో నుండవచ్చును. గీతకు భాష లేదు. అది పైకి పోవుచున్నదో లేదో ఏ తల్లియైనను చూచి తెలిసికొనగలదు. పొరుగింటి బిడ్డతో పోల్చుట మాని, మీ బిడ్డ నేటి చుక్కను గడచిన నెల చుక్కతో పోల్చి చూడుడు.