మిషన్ బడుల కథలో మన బడుల హక్కు

కోలారు, తమక, కేజీఎఫ్ ప్రాంతాల్లో మైనారిటీ హక్కు అనగానే మనకు తెలుగు మాధ్యమమే గుర్తుకొస్తుంది. అదే హక్కు మీద ఆంధ్రలోని లూథరన్ బడులూ నిలబడ్డాయి. వాటి చరిత్ర మనకూ పనికొస్తుంది.

అమెరికా లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ 1842 జూలై 31న గుంటూరు చేరారు. ఆయన్ను ఆహ్వానించి అండగా నిలిచింది అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్స్. అంటే బడి ఒక అధికారి అభిమానం మీద ఆధారపడింది. 1854 నాటి వుడ్ డిస్పాచ్‌తో అభిమానానికి బదులు నియమం వచ్చింది. తనిఖీకి ఒప్పుకొని, లౌకిక విద్య చక్కగా చెప్పే ప్రైవేటు బడికి, నడిపేది ఎవరైనా, గ్రాంటు ఇవ్వవచ్చు.

అయినా భరోసా పూర్తిగా దొరకలేదు. నాయుడుపేట, తిరుపతి ప్రాంతాల్లో పనిచేసిన హెర్మన్స్‌బర్గ్ మిషన్ జర్మనీది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ మిషనరీలు శత్రుదేశస్థులయ్యారు. వారి పని అమెరికాలోని ఒహాయో సినడ్ చేతికి వెళ్లింది. అందులో పిల్లల తప్పేమీ లేదు. యాజమాన్యం పరాయి దేశానిది కావడమే చిక్కయింది. గుంటూరులో 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడడంతో బాధ్యత క్రమంగా స్థానికులకు వచ్చింది.

1950లో అమలైన రాజ్యాంగం 30వ అధికరణం మతం, భాష రెండింటినీ ఒకే వాక్యంలో చేర్చింది. గుంటూరు లూథరన్లకు మతం ఆధారం, కోలారు తెలుగువారికి భాష ఆధారం. ఎవరు మైనారిటీ అన్నది రాష్ట్రాన్ని బట్టే తేల్చాలని 2002లో టి.ఎం.ఏ. పాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఆంధ్రలో మెజారిటీ అయిన తెలుగు ఇక్కడ మైనారిటీ. మైనారిటీ యాజమాన్యం అన్న కారణంతో గ్రాంటులో వివక్ష చూపరాదని 30(2) అంటుంది. గ్రాంటు తీసుకునే బడిలో తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లలను మతబోధకు కూర్చోబెట్టరాదని 28(3) అంటుంది. హక్కుతో పాటు హద్దూ ఉందన్నమాట. ఉపాధ్యాయుల అర్హతలు, చదువు నాణ్యత, లెక్కల విషయంలో ప్రభుత్వ నియమాలు మనకూ వర్తిస్తాయి.

కాబట్టి ఈసారి తల్లిదండ్రుల సమావేశంలో కొన్ని విషయాలు అడుగుదాం. బడి స్థలం ఎవరి పేర ఉంది? మైనారిటీ గుర్తింపు పత్రం ఉందా? కమిటీలో స్థానికులెందరు? కన్నడ బోధన సక్రమంగా సాగుతోందా? ఈ నాలుగూ సరిగ్గా ఉంటే అధికారులు మారినా బడి నిలుస్తుంది. ఆపై మన పిల్లలను అక్కడ చేర్చడం మన వంతు.