బీపీఏ: ‘సురక్షిత’ హద్దు ఎలా గీస్తారు?

అరవై కిలోల మనిషి ఒంట్లోకి రోజూ ఎంత బీపీఏ (బిస్ఫినాల్-ఏ) వెళ్లినా ఫరవాలేదు? ఐరోపా ఆహార భద్రతా సంస్థ ‘ఎఫ్సా’ 2006లో చెప్పిన లెక్కన 3 మిల్లీగ్రాములు. 2015లో అదే సంస్థ దాన్ని 240 మైక్రోగ్రాములకు తగ్గించింది. 2023 ఏప్రిల్‌లో ఏకంగా 12 నానోగ్రాములకు దించింది. పదిహేడేళ్లలో హద్దు రెండున్నర లక్షల రెట్లు తగ్గింది. రసాయనం అదే, మనిషీ అదే. మరి మారిందేమిటి?

బిస్ఫినాల్-ఏ కొత్తదేం కాదు. 1891లోనే రష్యన్ రసాయనవేత్త అలెగ్జాండర్ డయానిన్ దాన్ని తయారుచేశాడు. అది ఈస్ట్రోజెన్ హార్మోనులా పనిచేస్తుందని 1930లలో బ్రిటన్ శాస్త్రవేత్త చార్లెస్ డాడ్స్ గుర్తించాడు. అంతకన్నా బలమైన కృత్రిమ ఈస్ట్రోజెన్ దొరకడంతో మందుగా దీని అవసరం లేకపోయింది. 1950లలో ప్లాస్టిక్ పరిశ్రమ దీన్ని అందిపుచ్చుకుంది. గాజులా మెరుస్తూ, కిందపడినా పగలని పాలీకార్బొనేట్‌కు ముడిసరుకు బీపీఏనే. ఆహారం నింపే డబ్బాల లోపల రేకు తుప్పు పట్టకుండా వేసే ఎపాక్సీ పూతలోనూ ఇదే.

వేడికి, క్షారానికి పాలీకార్బొనేట్ గొలుసులు తెగి బీపీఏ ఊడి వస్తుంది. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 1998లో పాట్రిషియా హంట్ ప్రయోగశాలకు ఇది అనుకోకుండా తెలిసొచ్చింది. చుంచెలుకల ప్లాస్టిక్ పెట్టెలను, నీళ్ల సీసాలను ఎవరో పొరపాటున ఘాటైన క్షార డిటర్జెంటుతో కడిగారు. ఏ మందూ ఇవ్వని ఎలుకల అండాల్లో సాధారణంగా 1–2 శాతం ఉండే క్రోమోజోమ్ లోపాలు ఒక్కసారిగా 40 శాతానికి ఎగబాకాయి. ఆరా తీస్తే పాడైన ప్లాస్టిక్ నుంచి కారుతున్న బీపీఏ బయటపడింది.

ఇక హద్దు గీసే పద్ధతికి వద్దాం. జంతువులకు రకరకాల మోతాదులిచ్చి, ఎంతవరకు హాని కనబడలేదో చూస్తారు. ఆ అంకెను మామూలుగా 100తో భాగిస్తారు. జంతువుకూ మనిషికీ ఉన్న తేడాకు ఒక 10, మనిషికీ మనిషికీ ఉన్న తేడాకు మరో 10. ఎఫ్సా 2006లో కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల మోతాదును తీసుకుని, 100తో భాగించి 50 మైక్రోగ్రాములంది. అమెరికా పర్యావరణ సంస్థ 1988లో ఇంకో దారిన నడిచింది. పరీక్షించిన మోతాదుల్లో అతి తక్కువైన 50 మిల్లీగ్రాముల దగ్గరే ప్రభావం కనబడింది కాబట్టి ఏకంగా 1,000తో భాగించింది. వచ్చిందీ అదే 50 మైక్రోగ్రాములు!

భాగహారంలో పేచీ తక్కువ. దేన్ని ‘హాని’ అనాలన్న దగ్గరే అసలు గొడవ. పాత పరీక్షలు శరీర బరువును, కాలేయాన్ని, మూత్రపిండాలను చూసేవి. 2023లో ఎఫ్సా రోగనిరోధక వ్యవస్థకు చెందిన టీహెచ్-17 కణాలను కొలబద్దగా తీసుకుంది. చుంచెలుకల్లో అతిస్వల్ప మోతాదుకే ఈ కణాలు పెరిగాయి. అది మనుషుల్లో 8.2 నానోగ్రాములకు సమానమని లెక్కగట్టి, 50తో భాగించి, కిలో బరువుకు 0.2 నానోగ్రాములుగా తేల్చింది.

జర్మనీ ప్రభుత్వ సంస్థ బీఎఫ్‌ఆర్ దీనికి ఒప్పుకోలేదు. ఆ కణాలు పెరిగినంత మాత్రాన జబ్బు వచ్చినట్టు కాదంది. మగ ఎలుకల్లో వీర్యకణాల తగ్గుదలను ప్రమాణంగా తీసుకుని కిలో బరువుకు 200 నానోగ్రాముల హద్దు చాలంది. అంటే ఎఫ్సా అంకెకు వెయ్యి రెట్లు. అమెరికాలో ప్రభుత్వమే బీపీఏపై జరిపించిన ‘క్లారిటీ’ పరిశోధన ప్రధాన నివేదిక 2018లో వచ్చింది. అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తలకు అందులో పెద్ద ప్రభావాలేవీ కనబడలేదు. అదే ప్రయోగంలో పాలుపంచుకున్న కొందరు విశ్వవిద్యాలయ పరిశోధకులు మాత్రం అతి తక్కువ మోతాదు దగ్గరే మార్పులున్నాయన్నారు.

శాస్త్రవేత్తల తగవు తేలేదాకా ప్రభుత్వాలు చేతులు కట్టుకు కూర్చోలేదు. పసిపిల్లలు తమ బరువుతో పోలిస్తే చాలా ఎక్కువ పాలు తాగుతారు, అదీ వేడిగా. అందుకే పాలసీసాలతో మొదలుపెట్టారు. ఐరోపా 2011లో వాటిలో బీపీఏను నిషేధించింది. అమెరికా 2012లో అనుమతి ఉపసంహరించింది. అప్పటికే తయారీదారులు వాడకం మానేశారన్నది అక్కడ చూపిన కారణం. మన దేశంలో 2015 నాటి ప్రమాణం బీపీఏ ఉన్న పాలసీసాలకు చోటివ్వలేదు. 2024 డిసెంబరులో ఐరోపా సంఘం ఆహారానికి తగిలే వస్తువులకు నిషేధాన్ని విస్తరించి, పరిశ్రమకు గడువులిచ్చింది.

మన ఇళ్లలో చూడాల్సింది 20 లీటర్ల వాటర్ టిన్ను. వీటిలో పాలీకార్బొనేట్‌వీ ఉన్నాయి, ‘పెట్’ (PET) అనే మరో ప్లాస్టిక్‌వీ ఉన్నాయి. పెట్ తయారీలో బీపీఏ వాడరు. పాలీకార్బొనేట్ టిన్నును ఎండలో ఉంచకపోవడం, మరుగుతున్న నీళ్లు పోయకపోవడం, గీతలు పడి మసకబారితే మార్చడం మన చేతిలో పని. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉండి డబ్బా టమాటా, శనగలు, కొబ్బరిపాలు వాడే తెలుగువాళ్లు లోపలి పూత సంగతి కూడా అడగాలి. ఒంట్లోకి వెళ్లిన బీపీఏను కాలేయం మార్చేస్తుంది, చాలావరకు ఒక్కరోజులోనే మూత్రంలో పోతుంది. కాబట్టి వాడకం తగ్గిస్తే ఒంట్లోనూ త్వరగానే తగ్గుతుంది.

‘బీపీఏ రహితం’ అన్న ముద్ర చూసి మాత్రం పూర్తిగా నిశ్చింతగా ఉండలేం. దాని స్థానంలో వాడుతున్న బీపీఎస్, బీపీఎఫ్ కూడా బిస్ఫినాళ్లే. హార్మోనును అనుకరించే గుణం వాటిలోనూ కనబడింది. అందుకే ఐరోపా కొత్త చట్టం ప్రమాదకరమని తేలిన ఇతర బిస్ఫినాళ్లనూ కలిపే కట్టడి చేసింది. ఇకపై ఏ రసాయనానికైనా ‘సురక్షిత హద్దు’ అని అంకె వినబడితే మూడు సంగతులు అడగాలి: హానిగా దేన్ని లెక్కించారు? ఎంతతో భాగించారు? ఆ పదార్థం తీసేస్తే దాని బదులు ఏం పెడుతున్నారు?