ఎండల ఊరిలో ఏటి చల్లదనం: మెహమాన్లకు మన కర్నూలు చూపిద్దాం

సెలవులు వచ్చాయంటే మన ఇళ్ళకు చుట్టాల రాకపోకలు మొదలవుతాయి. వచ్చిన మెహమాన్లకు బిర్యానీ వండిపెడతాం, ఖీర్ తినిపిస్తాం, వెళ్ళేటప్పుడు బట్టలు పెట్టి బస్టాండు దాకా వెళ్ళి సాగనంపుతాం. మెహమాన్ నవాజీలో మనకు మనమే సాటి అనుకుంటాం. కానీ ఇంటికి వచ్చినవారికి మన ఊరు చూపించామా? ఈ ప్రశ్న మనలో చాలామంది వేసుకోము.

రెండేళ్ళ క్రితం వేసవిలో మా చెల్లెలు పిల్లలతో హైదరాబాదు నుంచి వచ్చింది. రెండో రోజు మధ్యాహ్నం, కరెంటు లేని వేళ, పన్నెండేళ్ళ మేనల్లుడు నా దగ్గరికి వచ్చి, "మామూ, మీ ఊళ్ళో ఎండ తప్ప ఇంకేమైనా ఉందా?" అని అడిగాడు. ఇంట్లో అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నవాణ్ణి. సొంత మేనల్లుడికి ఊరు చూపించలేదు. మర్నాడు తెల్లవారుజామున ఫజర్ కాగానే పిల్లల్ని వెంటబెట్టుకుని బయలుదేరాను. ఆ మూడు రోజుల తిరుగుడే ఈ వ్యాసానికి ఆధారం.

బురుజు పైనుంచి మొదలుపెట్టండి

కర్నూలు తుంగభద్రకు దక్షిణపు ఒడ్డున ఉంది. హంద్రీ నది ఊరి పక్కగా వచ్చి ఇక్కడే తుంగభద్రలో కలుస్తుంది. పూర్వం అలంపురం గుళ్ళకు రాళ్ళు తోలే బండ్లవాళ్ళు ఏరు దాటేముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన వేసుకునేవారట. అందుకే దీనికి కందెనవోలు అనీ, కందనవోలు అనీ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు.

ఊరి నడిబొడ్డున ఉన్న కొండారెడ్డి బురుజు ఎక్కితే నగరమంతా కళ్ళముందు పరుచుకుంటుంది. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో, 16వ శతాబ్దంలో కట్టిన కోటలో మిగిలిన భాగమిది. అలంపురం పాలకుడైన కొండారెడ్డిని ఇక్కడ బంధించారని, అందుకే ఆ పేరు వచ్చిందని చెబుతారు. బురుజు కింద నుంచి గద్వాల దాకా సొరంగం ఉందన్న కథ కూడా ఊళ్ళో వినిపిస్తుంది. కథను కథగానే చెప్పండి, పిల్లలకు ఎంతో సరదా.

బురుజు పైన నిలబడి మరొక సంగతి కూడా చెప్పండి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు దాని రాజధాని ఈ ఊరే. 1956 నవంబరు 1న హైదరాబాదు రాజధాని అయ్యేదాకా, అంటే మూడేళ్ళపాటు, ప్రభుత్వం ఇక్కడి నుంచే నడిచింది. అంతకు ముందు నవాబుల కాలం. ఆఖరి నవాబు గులాం రసూల్ ఖాన్ ఆయుధాలు పోగుచేస్తున్నాడన్న అభియోగంతో 1839లో ఇంగ్లీషువారు ఆయన్ని పదవి నుంచి దించి తిరుచిరాపల్లికి పంపారు. ఆ మరుసటి ఏడే ఆయన అక్కడ హత్యకు గురయ్యాడు. రాజ్యాలు వచ్చాయి, పోయాయి. బురుజు నిలిచింది.

గోల్ గుమ్మజ్: గోడ మీద పేరు

హంద్రీ ఒడ్డున ఉన్న అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధిని మనవాళ్ళు గోల్ గుమ్మజ్ అంటారు. బీజాపూరు ఆదిల్‌షాహీల తరఫున కర్నూలును ఏలిన ఈయన హబషీ, అంటే అబిసీనియా మూలాలవాడు. ఎక్కడి ఆఫ్రికా ఖండం, ఎక్కడి హంద్రీ వాగు! 17వ శతాబ్దపు ఈ కట్టడానికి రెండు గుమ్మటాలు, చుట్టూ కమానుల వసారాలు ఉన్నాయి. ఎండ ఎంత మండుతున్నా లోపల అడుగుపెడితే చల్లగా ఉంటుంది. మందపాటి గోడలు, ఎత్తైన గుమ్మటం, గాలి ఆడే కమానులు. ఫ్యాన్లు లేని రోజుల్లో మన పెద్దలు ఎండను ఎలా ఎదుర్కొన్నారో తెలుసుకోవాలంటే ఈ నీడలో పది నిమిషాలు కూర్చుంటే చాలు.

ఇక్కడ నాకు జరిగిన ఒక సంగతి చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం ఒక సాయంత్రం అక్కడికి వెళితే, గోడ మీద బొగ్గుతో రాసిన పేర్లలో నా తరగతి విద్యార్థి పేరు కనిపించింది. చక్కటి ఉర్దూ దస్తూరీ. నేను నేర్పిన దస్తూరీయే! మర్నాడు అతన్ని పిలిచి కోప్పడలేదు. "ఆ గుమ్మటం కింద ఎవరున్నారు బేటా?" అని మాత్రం అడిగాను. తల వంచుకుని, "తెలియదు సాబ్" అన్నాడు. తప్పు ఎవరిది? పేరు రాసిన పిల్లవాడిదా, అక్కడున్నది ఎవరో చెప్పని ఉస్తాదుదా? ఆ నెలలోనే తరగతి మొత్తాన్ని తీసుకెళ్ళాను. ఆ అబ్బాయే ముందుండి తక్కిన పిల్లలకు కమానులు లెక్కపెట్టి చూపించాడు. తెలిసినదాన్ని పాడు చేయడానికి పిల్లలకు మనసొప్పదు. కనుక మీరు వెళ్ళినప్పుడు ఆ కట్టడం ఎవరిదో చెప్పిన తర్వాతే పిల్లల్ని ఆడుకోనివ్వండి.

నది ఒడ్డున సాయంత్రం

పగలంతా వేడెక్కిన ఊరు సాయంత్రానికి ఏటి గాలి కోసం ఎదురుచూస్తుంది. అసర్ తర్వాత ఒక జంబుఖానా, ఫ్లాస్కులో చాయ్, మరమరాలు పట్టుకుని ఇంటిల్లిపాదీ నది ఒడ్డుకు వెళ్ళండి. ఖర్చు లేని వినోదం ఇంతకు మించి లేదు. వాన కారులో తుంగభద్ర రెండు ఒడ్లూ ఒరుసుకుని పారుతుంది. వేసవిలో ఇసుక తేలి, మధ్యలో నీటిపాయలు మాత్రం మిగులుతాయి.

ఊరి మీదుగా సాగే కె.సి. కాలువను కూడా చూపించండి. 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ సుంకేసుల వద్ద ఆనకట్ట వేసి, కడప దాకా మూడు వందల కిలోమీటర్లకు పైగా దీన్ని తవ్వించింది. పొలాలకు నీళ్ళే కాదు, సరుకుల పడవలు కూడా నడవాలని వారి ఆలోచన. కంపెనీకి లాభం రాలేదు. 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. కంపెనీ నష్టపోయినా రైతు నష్టపోలేదు. కర్నూలు సోనా బియ్యం పేరు ఇంటింటా వినిపించడానికి ఈ కాలువ చలవే కారణం. కాలువ నీళ్ళు హంద్రీని పైనుంచి దాటిపోతాయి. ఏటి మీద మరో ఏరు పారే ఆ దృశ్యం పిల్లలు మరచిపోరు.

అయితే ఒక హెచ్చరిక. ఆ సాయంత్రం మా మేనల్లుడు మడుగు చూడగానే చొక్కా విప్పి దిగబోయాడు. నేను చెయ్యి పట్టుకుని లాగాను. కొంచెం గట్టిగానే లాగానేమో, పిల్లవాడు చిన్నబుచ్చుకున్నాడు. ఒడ్డున కూర్చోబెట్టి కారణం చెప్పాను. నా దగ్గర చదివిన పిల్లల్లో ఒకడు ఇలాంటి మడుగులోకే దిగి తిరిగి రాలేదు. ఇసుక తవ్విన చోట గోతులుంటాయి. పైకి మోకాలి లోతుగా కనిపించే నీరు రెండడుగులు వేసేసరికి మనిషిని మింగేస్తుంది. ఆ రోజు ఆ తల్లిదండ్రుల ఇంటికి వెళ్ళి సలాం చెప్పడానికి కూడా నాకు నోరు రాలేదు. కనుక ఏటి ఒడ్డున కూర్చోండి, గాలి పీల్చండి, నీటిలోకి మాత్రం దిగనివ్వకండి. ఈత నేర్చినవాళ్ళకూ ఇదే మాట.

ఈ నది కోపం కూడా మేము చూశాం. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగాయి. శ్రీశైలం జలాశయం నిండి నీరు వెనక్కి తన్నింది. పాత ఊరు మునిగిపోయింది. ఎందరో మేడల మీద ఆకలితో రాత్రులు గడిపారు. మా ఇంట్లో అలమారు నిండా ఉన్న ఉర్దూ పుస్తకాలు ముద్దయిపోయాయి. అయినా నీరు తీశాక కొద్ది రోజులకే జనం మళ్ళీ సాయంత్రం అదే ఒడ్డుకు వచ్చి కూర్చున్నారు. ఏటితో మా బంధుత్వం అలాంటిది.

ఒక రోజంతా: ఓర్వకల్లు, బనగానపల్లె, బెలుం

రెండో రోజుకు ఒక వాహనం మాట్లాడుకోండి. నంద్యాల రోడ్డులో ఓర్వకల్లు రాతివనం వస్తుంది. వేల ఏళ్ళ గాలికీ వానకూ అరిగి చిత్రమైన ఆకారాలు దాల్చిన బండలు, మధ్యలో నీటి మడుగు. పొద్దున ఎనిమిది లోపు చేరుకుంటే నడవడం హాయిగా ఉంటుంది. పదకొండు దాటితే ఆ బండలే పెనాలవుతాయి.

అక్కడి నుంచి బనగానపల్లె వైపు సాగండి. స్వాతంత్ర్యం వచ్చేదాకా ఇది నవాబుల సంస్థానం. 1948లో మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఊరి బయట ఉన్న నవాబు బంగళాను ఇప్పుడు అందరూ "అరుంధతి కోట" అంటున్నారు. 2009లో వచ్చిన సినిమా నవాబుల పేరునే మరిపించింది! బనగానపల్లె మామిడి కథ వేరు. సంస్థానం పోయినా దాని పేరు దేశదేశాల తెలుగువాళ్ళ నాలుక మీద నిలిచింది. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మే నెలలో వెళితే బుట్టెడు తెచ్చుకోకుండా రాకండి.

ఆ పైన బెలుం గుహలు. పైకి చూస్తే మామూలు చేను, మధ్యలో పెద్ద బావిలాంటి గొయ్యి. మెట్లు దిగి వెళితే నేల కింద మరో లోకం! మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటరు సందర్శకులు నడవవచ్చు. ఇంగ్లీషు భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1884లో వీటి గురించి రాశాడు. 1982, 83లలో జర్మన్ల బృందం లోపలికంటా వెళ్ళి కొలతలు తీసింది. 2002లో ప్రజల కోసం తెరిచారు. సున్నపురాయిలో నీరు లక్షల ఏళ్ళు పారి తొలిచిన దారులివి. పైకప్పు నుంచి చుక్కచుక్కగా కారిన నీటిలోని సున్నం పేరుకుని గుత్తులు గుత్తులుగా వేలాడుతుంది. లోతుగా వెళితే పాతాళగంగ అనే నీటిపాయ కనిపిస్తుంది.

మా పిల్లలు అక్కడే పూర్తిగా నిశ్శబ్దమయ్యారు. నీటి చుక్క ఇంత పని చేయగలదా అని మేనకోడలు అడిగింది. ఓపిక ఉంటే చేస్తుందని చెప్పాను. లోపల ఉక్కపోత ఎక్కువ. గాలి గొట్టాలు అమర్చినా చెమటలు కారతాయి. ఉబ్బసం ఉన్నవారు, గుండె జబ్బు ఉన్న పెద్దలు బయటే నీడన కూర్చోవడం మేలు. బుర్ఖాలు వేసుకున్న మా ఆడవాళ్ళు ఇరుకు మెట్ల దగ్గర కాస్త జాగ్రత్తగా నడిచారు, కానీ ఆఖరు దాకా వచ్చారు. కుట్టు విడిచే చెప్పులు మాత్రం వేసుకోవద్దు.

మూడో రోజు: ఏరు దాటి

తుంగభద్ర వంతెన దాటితే తెలంగాణ. కొద్ది దూరంలోనే అలంపురం. బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాల రాతిపని, పక్కనే పురావస్తు ప్రదర్శనశాల చూడదగినవి. ఆ గుళ్ళ చెంతనే హజ్రత్ షా అలీ పహెల్వాన్ దర్గా ఉంది. శతాబ్దాలుగా గుడీ దర్గా పక్కపక్కనే ఉన్న ఊరు అది. మన పిల్లలు కళ్ళతో చూడవలసిన పాఠం.

వానాకాలం మొదట్లో వచ్చినవారికి ఇంకో సరదా ఉంది. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం తల వంచుకుని నడుస్తుంటారు, వజ్రాల కోసం! పిల్లల్ని చూడడానికి తీసుకెళ్ళండి, కానీ రైతు అనుమతి లేకుండా చేలో అడుగు పెట్టకండి. మొలక తొక్కితే వజ్రం దొరికినా అది హలాల్ సొమ్ము కాదు.

కొన్ని సూచనలు

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ ఊరు చూడడానికి మంచి కాలం. వేసవిలో రాక తప్పకపోతే ఫజర్ నుంచి పది గంటల వరకు, మళ్ళీ అసర్ తర్వాత తిరగండి. మధ్యాహ్నం ఇంట్లో మజ్జిగ తాగి పడుకోవడమే తెలివి. పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, మధ్యాహ్నం జొన్నరొట్టె. మా ఊరి అసలు విందు ఇదే. బిర్యానీ హైదరాబాదువాళ్ళకు కొత్తేమీ కాదు కదా!

మెహమాన్లు వెళ్ళిపోయారు. ఆగస్టులో ఒక రాత్రి ఫోను మోగింది. మేనల్లుడు. క్షేమ సమాచారాలు కూడా అడగకుండా, "మామూ, ఏటికి నీళ్ళొచ్చాయా?" అన్నాడు. వచ్చాయని చెప్పాను. "నేను దిగనులే, ఒడ్డునే కూర్చుంటా. దసరాకి వస్తా" అన్నాడు.

ఈసారి మీ ఇంటికి చుట్టాలొస్తే విందుతో సరిపెట్టకండి. వారి పిల్లల చేయి పట్టుకుని మీ ఊరి వీధుల్లోకి, మీ ఏటి ఒడ్డుకు నడవండి. మీ సొంత పిల్లల్ని కూడా వెంట తీసుకెళ్ళండి. వాళ్ళకూ ఊరు తెలియదని అప్పుడే మీకు తెలుస్తుంది.