మర్దన యంత్రానికీ స్నానం అవసరమే

అభ్యంగన ప్రయోజనాలు పాఠకులకు క్రొత్తవి కావు. ఏ ప్రకృతి వారికి ఏ తైలము, ఏ ఋతువులో ఎంత సేపు అన్న విషయాలు ఎందరో పెద్దలు వివరించి ఉన్నారు. ఈసారి తైలాన్ని గూర్చి గాక, తైలం తగిలిన పనిముట్టును గూర్చి వ్రాయవలసి వచ్చింది. అందుకు కారణం నా పొరపాటే.

ఉద్యోగ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయులు పిక్కల మీద చిన్న చిన్న చీము పొక్కులతో నా వద్దకు వచ్చారు. ప్రతి పొక్కు నడుమ ఒక రోమం. అంతకు ఆరు నెలల క్రితం మోకాళ్ల నొప్పులకు వారికి మహానారాయణ తైలం వ్రాసి ఇచ్చినది నేనే. రోమకూపాలలో శోథ ఏర్పడినదని గ్రహించి, తైలం ఆపి, వేపపట్ట కషాయంతో కడుగుకొమ్మని చెప్పాను. రెండు వారాలలో తగ్గింది. తైలం తిరిగి మొదలుపెట్టగానే మళ్లీ వచ్చింది. ఆ తైలం వారికి పడలేదేమోనని మరొకటి మార్చి ఇచ్చాను. మూడవసారీ వచ్చింది. మొదటిరోజే అడగవలసిన ప్రశ్న అప్పుడు గాని నాకు తట్టలేదు.

"మాస్టారూ, తైలం మీకు ఎవరు రాస్తున్నారు?"

"ఎవరున్నారండీ? నేనే రాసుకుని, మా అబ్బాయి అమెరికా నుంచి పంపిన మసాజ్ గన్‌తో కొట్టించుకుంటున్నాను."

మరునాడు దానిని తెప్పించి చూశాను. పిస్తోలు ఆకారంలో ఉన్న ఆ యంత్రానికి మార్చుకొనే తలలు నాలుగు ఉన్నాయి. తొడలు, పిక్కల వంటి పెద్ద కండరాలకు బంతి వంటిది ఒకటి, బల్లపరుపుది ఒకటి, రెండు కొమ్ములది ఒకటి, మొనదేరినది ఒకటి. మాస్టారు నిత్యం వాడేది బంతి తల. పైకి నల్లగా, నున్నగా, శుభ్రంగానే ఉంది. తెల్లని గుడ్డలో ఉంచి గట్టిగా పిండాను. గోధుమరంగు జిడ్డు గుడ్డకు అంటింది. గది అంతా నిల్వనూనె కంపు నిండింది. ఆరు నెలల తైలం, చెమట, చర్మపు పొట్టు ఆ స్పాంజిలో చేరి ఉన్నాయి. ఇటువంటి యంత్రాలలో తల సాధారణంగా నిమిషానికి 1,800 నుంచి 3,000 సార్లు ముందుకు వెనుకకు ఆడుతుంది. ఆ మాలిన్యాన్ని అన్నిసార్లు రోమకూపాలలోనికి దట్టించుకుంటూ, పైన నా కషాయం పోసుకున్నారన్నమాట!

అంతటితో ముగిసి ఉంటే ఈ వ్యాసం వ్రాయకపోదునేమో. మొనదేరిన తలను చేతిలోకి తీసుకుంటే వేలికి గరుకుగా తగిలింది. ప్లాస్టిక్కు అంచున సన్నని బీట. "ఇది మా ఆవిడ అరికాళ్లకు పెట్టుకుంటుందండీ, తిమ్మిరులని," అన్నారు మాస్టారు. ఆ ఇల్లాలికి పదిహేను సంవత్సరాలుగా మధుమేహం. ఆమెను వెంటనే పిలిపించి పాదాలను దీపపు వెలుతురులో పరిశీలించాను. ఎడమ అరికాలి మీద అంగుళం పొడవున ఒక గీత, అప్పటికే మానుముఖం పట్టి ఉన్నది. అది ఎప్పుడు పడినదో ఆమెకు తెలియదు. స్పర్శ తగ్గిన పాదం మీద అటువంటి గీత పుండుగా మారితే ఎంతదూరం పోతుందో వైద్యులకు వేరే చెప్పనక్కరలేదు. స్పర్శజ్ఞానం తగ్గిన మధుమేహ రోగులు పాదాలకు ఈ యంత్రం అసలు వాడరాదు. తల ఎంత శుభ్రంగా ఉన్నా వాడరాదు.

గురుకులంలో మాకు తొలి సంవత్సరం అప్పగించిన పని తైలపాత్రలు తోమడం. బూడిదతో తోమి, కడిగి, పూర్తిగా ఎండిన తరువాత గాని క్రొత్త తైలం పోయనిచ్చేవారు కారు. పాత నూనె మీద క్రొత్త నూనె పోస్తే క్రొత్తది కూడా త్వరగా చెడుతుందని గురువుగారు పదే పదే హెచ్చరించేవారు. గాలి తగిలి చెడడం మొదలైన నూనె తక్కిన నూనెను కూడా ఆ మార్గం పట్టిస్తుందని నేటి రసాయన శాస్త్రమూ అంగీకరిస్తుంది. స్వేదనానికి వాడిన మూటల గుడ్డలు మరొక రోగి వద్దకు పోయేవి కావు. సుశ్రుత సంహిత నిదానస్థానం 5వ అధ్యాయం చివర, ఒకరి నుండి ఒకరికి సంక్రమించే వ్యాధులను చెప్పేచోట, శరీర స్పర్శతో పాటు ఒకే శయ్యను, వస్త్రాన్ని, అనులేపనాన్ని పంచుకోవడం కూడా కారణాలుగా పేర్కొన్నారు. మసాజ్ గన్ తలకు తైలం అంటి ఉన్నప్పుడు అది అనులేపన పాత్రతో సమానమే గదా.

ఇక శుభ్రపరచే విధానం. ముందుగా యంత్రాన్ని ఆపి, ఛార్జరు తీసివేసి, తలను ఊడదీయాలి. యంత్రాన్ని నీటిలో ముంచరాదు, కొళాయి క్రింద పట్టరాదు. లోపల మోటారు, బ్యాటరీ ఉంటాయి. పిండిన తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఒత్తితే చాలును. గాలి రంధ్రాలలో చేరిన నూగును మెత్తని పొడి బ్రష్షుతో దులపాలి.

గట్టి ప్లాస్టిక్కు, సిలికాన్ తలలు కడగడం సులభం. గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమే ద్రవసబ్బు రెండు చుక్కలు వేసి రుద్ది కడగాలి. కుంకుడు రసమూ జిడ్డును బాగా వదలిస్తుంది. కాని చర్మం కాని వస్తువుకు కుంకుడే కావాలన్న పట్టుదల నాకు లేదు. మరిగే నీరు పనికిరాదు. అతికించిన చోట్లు వదులవుతాయి, ప్లాస్టిక్కు వంకరపోతుంది. కొందరు వేపనీటిలో ముంచి తీసి శుద్ధి అయినదనుకుంటారు. వేప గొప్ప ఔషధమే. అయితే జిడ్డు పొర క్రింద దాగిన క్రిమిని అది చేరలేదు. స్పిరిట్టు కూడా అంతే. కనుక ముందు సబ్బుతో జిడ్డు పోవాలి, ఆరాలి, తరువాతనే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవాలి. దానికంటె గాఢమైనది మేలనుకోవడం భ్రమ. క్రిమి నశించడానికి అందులో కొంత నీరు ఉండడమే అనుకూలం. దీపం, పొయ్యి దగ్గర ఈ పని చేయరాదు. పూర్తిగా ఆవిరైన పిదప తలను బిగించాలి.

స్పాంజి తలతోనే చిక్కు. నానబెడితే నీరు లోపల నిలిచి బూజు పడుతుంది. సబ్బునురుగు తీసిన గుడ్డతో పైన తుడిచి, మరొక తడిగుడ్డతో సబ్బు పోగొట్టి, తువాలులో ఒత్తి, ఒక రాత్రంతా గాలి ఆడేచోట ఉంచాలి. గుడ్డలకు ఎండ మేలు చేస్తుంది గాని, స్పాంజిని, ప్లాస్టిక్కును పెళుసుబారుస్తుంది. వీటికి నీడపట్టే తగినది. ఆరిన తరువాత తెల్లగుడ్డ పరీక్ష చేయండి. పిండితే మరక పడుతున్నదా, వాసన వస్తున్నదా? అయితే దానిని పారవేయడం మినహా మార్గం లేదు. లోపలికి ఇంకిన నూనెను బయటకు తెచ్చే ఉపాయం నాకు దొరకలేదు.

తల వెనుక ఉండే కాడను చాలామంది మరచిపోతారు. కొన్నిటికి రబ్బరు వలయాలు ఉంటాయి. అక్కడ వెంట్రుకలు చుట్టుకున్నా, నూనె చేరినా పట్టు సడలి, నడుస్తుండగా తల ఊడివస్తుంది. కాడను, అది దూరే రంధ్రాన్ని పొడిగా ఉంచాలి. నెలకొకసారి వెలుతురులో త్రిప్పి చూసి, వేలితో అంచులు తడమాలి. బీట కనిపిస్తే అతికించే ప్రయత్నం చేయవద్దు.

అసలు తైలానికీ యంత్రానికీ పొత్తు పెట్టకపోవడమే ఉత్తమం. తైలం చేతితో రాసి, అర్ధగంట ఉంచి, పెసరపిండితోనో సెనగపిండితోనో రుద్ది స్నానం చేయండి. యంత్రం కావలసి ఉంటే మరొక పూట, పొడి చర్మం మీద, పలుచని నూలు వస్త్రం పైనుంచి వాడుకోవచ్చును. కర్పూరం, వింటర్‌గ్రీన్ తైలం వంటివి కలిసిన లేపనాలు కొన్ని ప్లాస్టిక్కులను మెత్తబరుస్తాయి కూడా.

ఇంటిల్లిపాదికీ ఒకే యంత్రం ఉంటే ఎవరి తల వారికి వేరుగా ఉంచి గుర్తు పెట్టండి. వీలుకాకపోతే ఎవరి గుడ్డ వారిది. ఆ గుడ్డను ప్రతిసారీ ఉతికి ఎండలో ఆరవేయాలి. ఇంట్లో ఒకరికి తామర ఉంటే అది పూర్తిగా నయమయ్యేదాకా యంత్రం వారి శరీరాన్ని తాకరాదు. పుండ్లు, చీము పొక్కులు ఉన్నచోట, కారణం తెలియని వాపు ఉన్న పిక్క మీద, రక్తం పలుచబడే మందులు వాడేవారు వైద్యుని అడగకుండా, దీనిని వాడరాదు.

మాస్టారు బంతి తలను, బీటలిచ్చిన తలను నా ఎదుటనే చెత్తబుట్టలో వేశారు. పొక్కులు మళ్లీ రాలేదు. మొదటి తైలాన్నే తిరిగి ఇచ్చాను. దాని తప్పేమీ లేదు. ఆ ఇల్లాలి పాదాలను మాత్రం ప్రతి రాత్రి మాస్టారే కళ్లజోడు పెట్టుకుని చూస్తున్నారు. ఇప్పుడు మా చికిత్సాలయపు కేసు పుస్తకంలో తైలం పేరు ప్రక్కన మరొక గడి గీయించాను: దేనితో రాస్తున్నారు?