మాంత్రికుడి ప్రాణం ఏ చిలకలో ఉంది?

సాంఘిక చిత్రం చూసి వచ్చినవాణ్ణి "ఎలా ఉందోయ్?" అని అడిగితే, "ఫరవాలేదు" అనో, "డబ్బు దండగ" అనో ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. జానపద చిత్రం చూసి వచ్చినవాణ్ణి అడిగి చూడండి! "మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందన్నాడు కదండీ? మరి చిలక మెడ విరవకుండానే వాడు ఎలా చచ్చాడు? మనం చెవుల్లో పువ్వులు పెట్టుకుని కూర్చున్నామా?" అని మన మీదికే వస్తాడు.

వింతగా లేదూ? ఆయన మాంత్రికుణ్ణి నమ్మాడు. చిలకలో ప్రాణాన్ని నమ్మాడు. ఏడు సముద్రాలు దాటడాన్నీ నమ్మాడు. ఆ ఒక్క మెలిక దగ్గర మాత్రం మొండికేశాడు. అందులో న్యాయం ఉంది. కథకుడు ఎంత వింతైనా చెప్పవచ్చు. తాను పెట్టిన షరతు తానే తప్పకూడదు. విక్రమార్కుడు మౌనం వీడాడా, బేతాళుడు శవంతో సహా మళ్లీ చెట్టెక్కవలసిందే. "పోనీలే, ఈ ఒక్క రాత్రికీ" అని బేతాళుణ్ణి ఊరుకోబెడితే పసిపిల్లలు కూడా ఒప్పుకోరు.

ఈ గుణం మన తెలుగు ప్రేక్షకుడికే ఉందనుకుంటున్నారేమో! అమెరికాలో ఒక బల్ల ఆటను సినిమాగా తీసినప్పుడు అక్కడి అభిమానులూ సరిగ్గా ఇలాగే నిలదీశారు. ఆ ముచ్చట మన జానపద చిత్రాల పక్కన పెట్టి చూస్తే భలే సరదాగా ఉంటుంది.

బల్ల ముందు కాశీమజిలీ

ఆ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దాన్ని రూపొందించగా, 1974లో అచ్చయి బయటికి వచ్చింది. ఆట అనగానే వైకుంఠపాళీలా నిచ్చెనలూ పాములూ ఉంటాయనుకునేరు. అలాంటి పటం అక్కరలేదు. నలుగురైదుగురు స్నేహితులు, కొన్ని కాగితాలు, పెన్సిళ్లు, రకరకాల పాచికలు ఉంటే చాలు. ఆ పాచికల్లో 20 ముఖాలున్నది కూడా ఒకటి.

మన పెద్దలకు ఇది అర్థం కావడానికి ఒక దగ్గరి దారి ఉంది. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు గుర్తు చేసుకోండి. మణిసిద్ధుడు, పశువుల కాపరి కుర్రవాడు కలిసి కాశీకి నడిచిపోతుంటారు. మజిలీ మజిలీకీ కుర్రవాడికి ఏదో వింత కనిపిస్తుంది. దాని వెనకున్న కథ మణిసిద్ధుడు చెబుతాడు. ఈ ఆటలోనూ ఒకరు మణిసిద్ధుడు. "ఎదుట రెండు దారులున్నాయి. ఎడమవైపు నుంచి గురక వినిపిస్తోంది. ఏం చేస్తారు?" అంటాడు. తేడా అల్లా, మిగతావాళ్లు ఊ కొడుతూ కూర్చోరు. ఒకడు కత్తివీరుడు, ఒకతె మంత్రగత్తె, ఇంకొకడు దొంగ. ఎవరి వేషానికి తగ్గట్టు వాళ్లు జవాబు చెబుతారు. చేసింది ఫలించిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. ఒక కథ పూర్తి కావడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది.

ఏళ్ల తరబడి అలా కలిసి తిరిగిన లోకం మరి! దాని మీద సినిమా వచ్చిందంటే, మన ఊరి మీద తీసిన సినిమాను మన ఊరివాళ్లు చూసినట్టే చూస్తారు. "రావిచెట్టు అటు కాదే, ఇటు కదా ఉండేది!" అనే రకం.

11 కళ్లుండీ ఏం లాభం?

మొదటి చిత్రం 2000లో వచ్చింది. కోర్ట్నీ సాలొమన్ అనే యువకుడు కుర్రతనంలోనే హక్కులు సంపాదించి, ఏళ్ల తరబడి తంటాలు పడి తీశాడు. సుమారు 4.5 కోట్ల డాలర్లు ఖర్చయింది. మనకు కళ్లు తిరిగే మొత్తమే గానీ, మరుసటి ఏడు వచ్చిన లార్డ్ ఆఫ్ ది రింగ్స్ మొదటి భాగానికి అయిన దానిలో దాదాపు సగం. జెరెమీ ఐరన్స్ వంటి మహానటుణ్ణి ప్రతినాయకుడిగా పెట్టుకున్నారు. ఏమైతేనేం, విమర్శకులు ఉతికి ఆరేశారు. పెట్టిన డబ్బు థియేటర్లలో తిరిగి రాలేదు.

డ్రాగన్ల బొమ్మలు నాసిగా ఉన్నాయని విమర్శకులు దెప్పిపొడిచారు. ఆట తెలిసినవాళ్ల గుండె మండింది వేరేచోట. ఆ ఆటలో బిహోల్డర్ అనే భూతం ఉంది. నడుమ ఒక పెద్ద కన్ను, తల మీద తొడిమల్లా లేచిన మరో 10 కళ్లు. ఒక్కో కంటికి ఒక్కో మాయ. మహా తెలివైనది, మహా అనుమానపు పిశాచి. అది ఎదురైందంటే ఆడేవాళ్ల అరచేతుల్లో చెమటలు పోస్తాయి. అటువంటిదాన్ని సినిమాలో వాకిట కాపలా కుక్కను చేశారు. నాయకుడు ఒక రాయి విసిరితే, చప్పుడైన వైపు వెళ్లిపోతుంది పాపం! పాతాళభైరవిలో ఎస్వీ రంగారావు గారి నేపాళ మాంత్రికుడు అరటితొక్క మీద కాలేసి జారిపడ్డాడని ఊహించండి. మనవాళ్లు కుర్చీలు విరగ్గొట్టి ఉండరూ?

2005లో రెండోది వచ్చింది. ఈసారి ఇంకా తక్కువ ఖర్చు. థియేటర్లకు కాకుండా టీవీకీ డీవీడీకీ తీశారు. పాత నటుల్లో తిరిగి వచ్చినవాడు బ్రూస్ పెయిన్ ఒక్కడే. పెద్ద పేర్లు లేవు. అయినా ఆట తెలిసిన చాలామంది "మొదటిదానికంటే ఇదే నయం" అన్నారు. కత్తివీరుడు, మంత్రగత్తె, పూజారి, దొంగ, మొరటు యోధురాలు అంటూ బల్ల చుట్టూ కూర్చునే జట్టు ఎలా ఉంటుందో తెర మీది జట్టు అలాగే ఉంది. మంత్రాల పేర్లూ ఆటలోవే. రంగులు వెలిసిపోయినా ఇంటి గుమ్మం తమదేనని గుర్తుపట్టారన్నమాట.

రాని నటుడు, రాని ఆటగాడు

ఇక మన జానపద బ్రహ్మ బి. విఠలాచార్య గారి సంగతికి వద్దాం. ఉడుపి దగ్గర ఉద్యావరలో 1920లో పుట్టి, కన్నడంలో చిత్రాలు మొదలుపెట్టి, మద్రాసు చేరి, తెలుగువాళ్ల మనిషైపోయారు. బందిపోటు, అగ్గిపిడుగు, మంగమ్మ శపథం, గండికోట రహస్యం, లక్ష్మీకటాక్షం, జగన్మోహిని... చెబుతూ పోతే ఈ పేజీ చాలదు. పెద్ద నిర్మాతలు ఒక సెట్టుకు పెట్టే డబ్బుతో ఈయన సినిమాయే ముగించేస్తారని చెప్పుకునేవారు. 1978లో వచ్చిన జగన్మోహినిలో దయ్యం కట్టెలకు బదులు తన కాళ్లే పొయ్యిలో పెట్టి వంట చేసిన దృశ్యం ఎవరు మరిచిపోతారు? కట్టెల ఖర్చు కూడా మిగిల్చాడయ్యా అని నవ్వినవాళ్లున్నారు!

ఆయన పొదుపు గురించి సినిమావాళ్లు కథలుకథలుగా చెప్పుకునే ముచ్చట ఒకటుంది. నటుడెవరైనా బెట్టు చేసినా, కాల్షీటుకు రాకపోయినా ఆచార్యులవారు బతిమాలరట. కథలో ఒక ముని చేత శాపం పెట్టించి, ఆ పాత్రను చిలకనో మేకనో చేసేసేవారట. మిగతా సినిమా అంతా చిలకే నటిస్తుంది. చిలక కాల్షీట్లు అడగదు కదా!

ఇప్పుడు 2002లో అమెరికాలో కొందరు విద్యార్థులు తీసిన ది గేమర్స్ అనే చిత్రం చూడండి. గంటైనా నడవదు. హాస్టలు గదిలో మిత్రులు ఆట ఆడుతుంటారు. వాళ్లు చెప్పిందల్లా అడవిలో, కోటలో వేషాలతో జరుగుతుంటుంది. వేషాలూ కత్తులూ నాటకాల వాళ్ల పెట్టెలోంచి తీసినట్టుంటాయి. జట్టులో ఒకడు ఆటకు రాలేదు. ఏం చేయాలి? తెర మీద వాడి యోధుడు అడవి మధ్యలో ఉలుకూ పలుకూ లేకుండా బొమ్మలా నిలబడిపోతాడు. చుట్టూ యుద్ధం జరుగుతున్నా అంతే!

బయటివాళ్లకు అది చౌకబారు తమాషా. ఆ ఆట ఆడినవాళ్లు మాత్రం పడీపడీ నవ్వారు. ప్రతి జట్టులోనూ రాని స్నేహితుడొకడుంటాడు. వాడి వేషాన్ని ఏం చేయాలన్న తగువూ ఉంటుంది. ఆ చిత్రాన్ని వాళ్లు నెత్తిన పెట్టుకున్నారు. 2008లో దానికి తరువాయి చిత్రం కూడా వచ్చింది.

మద్రాసులో రాని నటుడు చిలకయ్యాడు. అమెరికాలో రాని ఆటగాడు శిలయ్యాడు. ఒకరినొకరు ఎరగని ఈ రెండు లేమితనాలూ ఒకే ఉపాయం దగ్గర కలుసుకున్నాయి. ఎందుకంటే, కథలో శాపమనేది ఉందని ముందే ఒప్పుకున్నాం. ఆటలో మనిషి లేకపోతే వేషం కదలదనీ ఒప్పుకున్నాం. కాబట్టి అది లోటులా కాక, కథలా చెల్లిపోయింది.

నేల టిక్కెట్టు ధర్మాసనం

అభిమాని నవ్వులో రెండు రకాలున్నాయి. ఒకటి "మావాడే" అని నవ్వే నవ్వు. రెండోది "మమ్మల్ని వెర్రివాళ్లను చేశాడు" అని నవ్వే నవ్వు. బయటికి రెండూ ఒకేలా వినిపిస్తాయి. నిర్మాతలు పొరబడేది అక్కడే.

హైదరాబాదుకు ఉత్తరాన జీడిమెట్ల కార్ఖానాల చెంత, చిత్తారమ్మ జాతర జరిగే గాజులరామారంలో ఏ ఇంటికైనా వెళ్లండి. సెలవునాటి మధ్యాహ్నం టీవీలో పాత జానపదం వస్తుంటే మనవడు ఊరుకోడు. "తాతా, గా తీగ కనపడ్తుంది సూడు! దాంతోనే గాల్లకు లేపిండ్రు" అని కేకేస్తాడు. "కనపడితే కనపడనియ్‌రా. శాపం ఎట్ల పోతదని ముని చెప్పిండో గట్లనే పోయిందా, లేదా? గది సూడు" అంటాడు తాత. నేల టిక్కెట్టు కొని, ఈలలు వేసి, కాంతారావు కత్తి దూసినప్పుడల్లా బెంచీ మీదికెక్కి చూసిన తరం అది. తీగ వాళ్లకూ కనిపించింది. చూడనట్టు ఊరుకున్నారు. ఆ ఊరుకోవడం ప్రేక్షకుడు కళాకారుడికిచ్చే అప్పు. కథ మాట నిలబెట్టుకుంటే ఆ అప్పు తీరిపోతుంది.

డబ్బుంటే తప్పని కాదు సుమా! 2023లో అదే ఆట మీద, మొదటిదానికి మూడు రెట్లకు పైగా ఖర్చుతో హానర్ అమాంగ్ థీవ్స్ వచ్చింది. అందులో శవాన్ని లేపి ప్రశ్నలడిగే మంత్రముంది. షరతు: 5 ప్రశ్నలే. మనవాళ్లు తెలివితక్కువగా నోరు జారి ప్రశ్నలన్నీ దండగ చేసుకుంటారు. ఆటగాళ్లు విరగబడి నవ్విన దృశ్యాల్లో అదొకటి. నవ్వించింది ఖర్చు కాదు, ఆ షరతు. బేతాళుడి మౌనానికి అది చుట్టమే కదా!

ఈ కాలంలో కంప్యూటరు మీద ఏ కోటైనా లేపవచ్చు, ఏ తీగైనా చెరిపేయవచ్చు. చెరపలేనిది ఒక్కటే: ఇచ్చిన మాట. అట్ట కిరీటం పెట్టుకున్న రాజును జనం రాజుగా ఒప్పుకుంటారు, ఆ రాజు మాట తప్పనంతవరకు. బంగారు కిరీటం పెట్టి మాట తప్పించారా, అభిమాని లేచి నిలబడి అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

"చిలక ఏదండీ?"